వేషం - హోదా - పరువు: ఆదిలాబాదు గోండుల దండారిలో గుస్సాడీ స్థానం

వ్యాససంగ్రహం

వేషం ధరించిన మనిషికి అందే గౌరవం ఆ మనిషిదా, ఆ వేషానిదా, అతణ్ణి పంపిన ఊరిదా అన్నది ప్రదర్శన కళల అధ్యయనంలో మౌలికమైన ప్రశ్న. ఉత్తర తెలంగాణలోని ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా రాజగోండులు దీపావళికి ముందు జరుపుకొనే దండారి ఉత్సవంలో గుస్సాడీకి ఉన్న స్థానాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను చర్చిస్తుంది. హోదా, పరువు అనేవి వేరువేరు విలువలని, వాటిని ఇచ్చేవారూ వేరని చూపడానికి పాశ్చాత్యదేశాలలో ప్రచారంలో ఉన్న రక్తపిశాచుల పాత్రధారణ క్రీడ ఒకదానిని పోలికగా తీసుకొంటుంది. పర్ధాన్ల గాథాగానం, ఉమ్మడి కరీంనగరు జిల్లాలోని ఆశ్రిత కళారూపాలు ఇందులో సహాయక ఆధారాలు. గుస్సాడీ వేదికమీదికీ ఊరేగింపులలోకీ వచ్చిన ఈ కాలంలో ఆ గౌరవం ఏ మార్పుకు లోనవుతున్నదో చివరి భాగం వివరిస్తుంది.

కీలకపదాలు: దండారి, గుస్సాడీ, రాజగోండులు, పర్ధాన్లు, హోదా, పరువు, ఆతిథ్యం, పాత్రధారణ, ఆశ్రిత కళలు.

1. ప్రవేశిక

హోదా, పరువు అనే మాటలను నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులుగా మరొకటి వాడుతుంటాం. కాని ఆ రెండింటి నడక ఒకటి కాదు. 'హోదా' ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడిన మాట. దానికి మూలమైన 'ఉహ్దా' అనే పదానికి పదవి, బాధ్యత అని అర్థం. కాబట్టి హోదా ఎవరో ఒకరు ఇస్తే వచ్చేది, తీసివేస్తే పోయేది. పరువు విషయంలో తెలుగు వాడుక మరోలా ఉంది. పరువు నిలబెట్టాడు, పరువు తీశాడు, పరువు దక్కించుకొన్నాడు అంటాం గాని 'పరువు ఇచ్చాడు' అనం. పరువు ఇచ్చే అధికారి ఎవరూ ఉండరు. అది పదిమంది నోట పుట్టి, పదిమంది నోటనే నిలుస్తుంది లేదా పోతుంది. వీటికి తోడు 'మర్యాద' అనే మాట ఉంది. సంస్కృతంలో దానికి హద్దు, ఎల్ల అనే అర్థం ఉంది. హద్దు తెలిసి నడుచుకోవడం, హద్దులోకి వచ్చినవారిని తగినవిధంగా ఆదరించడం ఈ రెండూ తెలుగులో మర్యాదే అయ్యాయి.

ఈ మూడు మాటలూ మూడు వేరువేరు సంబంధాలను సూచిస్తున్నాయి. హోదా పదవికి సంబంధించినది. పరువు నలుగురి మాటకు సంబంధించినది. మర్యాద ఇరుపక్షాల నడవడికి సంబంధించినది. వేషధారణ ప్రధానంగా ఉండే సందర్భాలలో ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. అలా కలిసే సందర్భాలలో దండారి ముఖ్యమైనది. ఇంతవరకు గుస్సాడీని ఎక్కువగా నృత్యంగానే పరిచయం చేయడం జరిగింది. నెమలి పింఛాల టోపీ, బూడిద పూత, కొమ్ములు, గజ్జెల వర్ణన దగ్గరే ఆ పరిచయాలు తరచుగా ఆగిపోతుంటాయి. ఆ వేషానికి దక్కే గౌరవం ఏ నియమాలమీద నిలిచి ఉన్నదన్న ప్రశ్న వాటిలో అంతగా కనిపించదు.

2. పోలికకు ఒక నమూనా: రక్తపిశాచుల క్రీడ

హోదాకూ పరువుకూ ఉన్న తేడాను స్పష్టంగా చూడడానికి, ఆ రెండింటినీ కావాలని విడదీసి నియమాలుగా రాసుకొన్న ఒక వ్యవస్థ ఉపకరిస్తుంది. 1991లో అమెరికాలో వైట్ వూల్ఫ్ అనే ప్రచురణసంస్థ 'వాంపైర్: ది మాస్కరేడ్' అనే పాత్రధారణ క్రీడను వెలువరించింది. దాని రూపకర్త మార్క్ రీన్ హేగన్. కొందరు మిత్రులు ఒకచోట కూర్చొని, ఒకరు కథ నడిపిస్తుండగా, మిగిలినవారు ఒక్కొక్క రక్తపిశాచి పాత్రను ధరించి సంభాషణల ద్వారా కథను ముందుకు తీసుకువెళ్ళడం ఈ ఆట స్వరూపం. కొన్నేళ్ళకే ఆటగాళ్ళు వేషాలు కట్టుకొని స్వయంగా నటించే రూపం కూడా దీనికి ఏర్పడింది.

ఈ కల్పిత సమాజంలో అంతస్తుకు నాలుగు ఆధారాలున్నాయి. మొదటిది పుట్టుక. మొదటి రక్తపిశాచిగా భావించే కెయిన్‌కు ఎన్ని తరాల దూరంలో ఉన్నదన్న లెక్కను బట్టి పాత్రకు బలం వస్తుంది. రెండవది వయస్సు. కొత్తగా చేరినవారు, నడిమివారు, పెద్దలు అనే మెట్లున్నాయి. మూడవది పదవి. నగరానికి 'ప్రిన్స్' అనే ఏలిక, అతని కింద వంశాల పెద్దలు, కట్టుబాట్లను అమలుచేసే 'షెరీఫ్' మొదలైనవారు ఉంటారు. నాలుగవది ఇతరులు ఆ పాత్రను ఎలా చూస్తున్నారన్నది. దీనిని 'స్టేటస్' అంటారు. పాత్ర వివరాలు రాసుకొనే కాగితంమీద చుక్కలు నింపి దీనిని గుర్తిస్తారు.

ఈ నాలుగవ ఆధారం మన చర్చకు ముఖ్యం. ఒక పాత్ర మరొక పాత్రకు సాయం చేస్తే అది ఋణంగా మిగులుతుంది. చిన్న ఋణం మొదలుకొని ప్రాణఋణం దాకా వాటిలో అంతరాలున్నాయి. ఎవరు ఎవరికి ఋణపడ్డారో, ఎవరు మాట నిలుపుకొన్నారో, ఎవరు తప్పారో గుర్తుపెట్టుకొని సభలో ప్రకటించే పాత్రలను 'హార్పీ'లంటారు. వీరి చేతిలో సైన్యం ఉండదు. ఉన్నదల్లా మాటే. అయినా ఏలికలు సైతం వీరికి జంకుతారు. మరొక నియమం కూడా గమనించదగినది. కొత్త నగరంలో అడుగుపెట్టినవారు అక్కడి ఏలికకు తమను తాము పరిచయం చేసుకొని అంగీకారం పొందాలి. అంతవరకు వారికి అక్కడ స్థానం లేదు.

ఇక్కడ ఒక హద్దును ముందే చెప్పుకోవాలి. దండారి ఆట కాదు, దీక్ష. గుస్సాడీ కల్పిత పాత్ర కాదు, గోండుల దృష్టిలో దేవుని సన్నిధి. ఒక జనసముదాయపు నమ్మకాన్ని వినోదక్రీడతో సమానం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పుట్టుక, పదవి, వేషం, నలుగురి మాట అనే నాలుగు ఆధారాలను విడివిడిగా గుర్తించే పద్ధతిని మాత్రమే ఆ క్రీడనుంచి తీసుకొంటున్నాం. పోలికకన్నా తేడాయే చివరకు ఎక్కువ చెబుతుంది.

3. గోండు సమాజంలో పుట్టుక, పదవి

గోండులు తమను తాము కోయ్‌తోర్ అని చెప్పుకొంటారు. వారి సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల వర్గాలుగా ఏర్పడి ఉంటుంది. ఈ వర్గాలను 'సగ'లంటారు. గుహలో బంధితులైన దేవతలను విడిపించి, వారిని ఈ వర్గాలుగా ఏర్పరచినవాడు పహండి కుపార్ లింగాల్ అని వారి పురాగాథ చెబుతుంది. ఒకే సగవారు అన్నదమ్ముల వరస. వారిలో వారికి పెళ్ళిసంబంధాలు కలవవు. వేరే సగవారితోనే వియ్యం. అందువల్ల ఇక్కడ పుట్టుక ప్రధానంగా ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది నిర్ణయించదు. ఎవరు మనవారు, ఎవరు వియ్యంవారు అన్నది నిర్ణయిస్తుంది. రక్తపిశాచుల క్రీడలో తరం నిచ్చెనమెట్టు లాంటిదైతే, గోండుల సగ ఎదురెదురుగా ఉన్న రెండు గట్ల లాంటిది.

పదవుల విషయంలో ఊరికి ఒక కట్టడి ఉంది. ఊరిపెద్ద పట్ల. గ్రామదేవతల పూజ దేవారి బాధ్యత. ఇంటిపేరువారి మహాదేవతయైన పెర్సపెన్‌కు పూజచేసేవాడు కటోడ. కబురు చేరవేసి, జనాన్ని కూడగట్టే పని హవల్దారుది. వీరికితోడు మహాజన్ అనే పెద్ద కూడా పంచాయితీలో కూర్చుంటాడు. ఇవి హోదాలు. ఎవరు ఏ హోదాలో ఉన్నారో ఊరందరికీ తెలుసు. 1940 దశకంలో ఆదిలాబాదు గోండులను అధ్యయనం చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1948లో వెలువరించిన గ్రంథంలో ఈ వ్యవస్థను విపులంగా వర్ణించారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైన తరువాతి పరిస్థితులలో నిజాం ప్రభుత్వం గిరిజనుల సమస్యల పరిశీలన ఆయనకు అప్పగించింది. ఆయన నివసించిన మార్లవాయి గ్రామం నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఉంది.

పుట్టుకమాత్రాన స్థానం పూర్తిగా రాదని చెప్పే ఆచారం కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర ఏడు వేల్పుల సగకు చెందిన మెస్రం వంశీయులది. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను ఆ సమయంలో నాగోబాకు పరిచయం చేస్తారు. దీనిని 'భేటింగ్' అంటారు. ఈ పరిచయం జరిగిన తరువాతనే ఆమెకు వంశపూజలలో పాల్గొనే అర్హత వస్తుంది. పెళ్ళి ఆమెను ఇంటిలోకి తెస్తుంది, పరిచయం ఆమెను వంశంలోకి తెస్తుంది. పదిమంది ఎదుట అంగీకారం పొందడమే స్థానానికి ఆధారమన్న భావన దండారికీ పునాదిగా ఉంది.

4. దండారి: వేషమే హోదా

ఆశ్వయుజ పౌర్ణమి తరువాత మొదలయ్యే దండారి దీపావళితో ముగుస్తుంది. మొదట 'భోగి' పేరుతో పూజ జరిపి, వాద్యాలనూ, కోలలనూ, గుస్సాడీ టోపీలనూ బయటికి తీస్తారు. ఇవి అలంకార వస్తువులు కావు. దండారికి అధిదేవతయైన ఎత్మాసుర్ పెన్‌కు ప్రతీకలుగా వీటిని పూజిస్తారు. బృందంలో సాధారణంగా 20 నుంచి 40 మంది దాకా ఉంటారు. వారిలో గుస్సాడీలు కొద్దిమందే. ఆడవేషం కట్టిన యువకులను 'పోరిక్'లంటారు. డప్పు, తుడుం, పెప్రె, కాలికోం మొదలైన వాద్యాల నడుమ కోలలు పట్టినవారు వలయంగా ఆడుతారు. గుస్సాడీలు ఆ వలయంలోకి తమదైన నడకతో వచ్చి కలుస్తారు.

గుస్సాడీ తలమీది నెమలి పింఛాల టోపీని 'మల్‌బూర' అంటారు. గోండీలో 'మల్' అంటే నెమలి. టోపీకి జంతువుల కొమ్ములు అమరుస్తారు. ముఖానికి మసి, ఒంటికి బూడిద, మెడలో పూసల దండలు, భుజాన జంతుచర్మం, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర ఉంటాయి. వేషం కట్టినవాడు దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. అతడు తాకితే రోగాలు పోతాయని నమ్మకం. అందుకే పెద్దలు సైతం అతని ముందు తలవంచుతారు.

ఇక్కడ హోదా స్వభావం గమనించాలి. వేషంలో ఉన్నవాడు నిన్నటిదాకా జొన్నచేనులోనో పత్తిచేనులోనో పనిచేసిన సామాన్య యువకుడు కావచ్చు. మల్‌బూర తలకెక్కిన క్షణంనుంచి పట్ల కూడా అతనికి మొక్కుతాడు. వేషం విప్పిన మరునాడు అతడే పట్ల మాట వింటాడు. అంటే ఆ పది పన్నెండు రోజుల హోదా వేషానిదే. వ్యక్తి దానిని మోస్తాడు, సొంతం చేసుకోడు. స్నానం మానివేయడం, దీక్షలో ఉండడం, సొంత ముఖం కనిపించకుండా మసి పూసుకోవడం ఇవన్నీ వ్యక్తిని పక్కకు జరిపి వేషానికి చోటిచ్చే ఏర్పాట్లుగానే అర్థం చేసుకోవచ్చు.

'మాస్కరేడ్' అనే ఆంగ్లపదానికి ముసుగువేషమని అర్థం. ఆ క్రీడలో ముసుగు దాక్కోవడానికి. రక్తపిశాచులు తమ ఉనికి మనుషులకు తెలియకుండా ఉండాలన్నది వాటి మొదటి కట్టుబాటు. గుస్సాడీ వేషం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అది మనిషిని దాచి దేవుణ్ణి బయటపెడుతుంది. అక్కడ వేషం తొలగితే ప్రమాదం. ఇక్కడ వేషం లోకానికి కనబడితేనే ప్రయోజనం.

5. ఆతిథ్యం: పరువు తూచే చోటు

హోదా వేషానిదైతే పరువు ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానం దండారి బృందం తన ఊరి ఎల్ల దాటినప్పుడు దొరుకుతుంది. బృందం తన ఊరిలోనే ఆడి ఊరుకోదు. మరొక ఊరికి అతిథిగా వెళుతుంది. ముఖ్యంగా వియ్యమందుకొనే వరస ఉన్న ఊళ్ళ మధ్య ఈ రాకపోకలు సాగుతాయి. వచ్చినవారిని ఎదురేగి తీసుకువచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, భోజనాలు పెట్టి, రాత్రంతా ఆటపాటలతో గడుపుతారు. వరస కలిసినవారి మధ్య పరాచికాలు, పాటలు సాగుతాయి. కొత్త పెళ్ళిసంబంధాలకు మాటలు కలిసేది కూడా ఇటువంటి చోటనే.

ఈ సందర్భంలో రెండు ఊళ్ళూ పరీక్షకు నిలబడతాయి. వచ్చిన ఊరివారి ఆట, పాట, నడవడి ఎలా ఉన్నాయో ఇంటివారు చూస్తారు. పెట్టిన ఊరివారి మనసు, చేయి ఎంత పెద్దవో వచ్చినవారు చూస్తారు. ఫలానా ఊరి దండారి బాగుందన్న మాట గాని, ఫలానా ఊరిలో మర్యాద సరిగా జరగలేదన్న మాట గాని దీపావళి తరువాత కూడా ఊళ్ళమీద తిరుగుతుంది. గుస్సాడీ ఎంత అద్భుతంగా ఆడినా ఆ పేరు అతని ఒక్కడి ఖాతాలో పడదు, ఊరి ఖాతాలో పడుతుంది. అతడు హద్దు తప్పినా ఆ మచ్చ ఊరికే.

ఇచ్చిపుచ్చుకోవడంమీద ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో వెలువరించిన సుప్రసిద్ధ వ్యాసంలో కానుకకు మూడు బాధ్యతలున్నాయని నిరూపించారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. దండారి ఆతిథ్యంలో ఈ మూడూ ఉన్నాయి. అతిథిగా వెళ్ళిన ఊరు ఆతిథ్యం ఇవ్వవలసిన ఊరు కూడా. రక్తపిశాచుల క్రీడలో ఋణం ఒక పాత్ర మరొక పాత్రమీద పట్టు సాధించే సాధనం. దానిని వీలైనంత కాలం చేతిలో పెట్టుకోవడమే నేర్పు. దండారిలో ఆతిథ్యఋణం రెండు ఊళ్ళనూ కలిపి ఉంచే ముడి. ఆ ముడి వదులైతే నష్టపోయేది ఇరుపక్షాలూ. ఋణమనే ఒకే భావన ఒకచోట పెత్తనానికీ, మరొకచోట బంధుత్వానికీ దారితీయడం గమనార్హం.

ఉమ్మడి ఆదిలాబాదు నలుమూలలనుంచి దండారి బృందాలు చేరుకొనే ఉమ్మడి స్థలం కూడా ఒకటుంది. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో ఆలయం ఉంది. వేరువేరు ఊళ్ళ గుస్సాడీలు అక్కడ ఒకరికొకరు ఎదురుపడతారు. ఎన్ని ఊళ్ళ బృందాలు వచ్చినా అందరూ కాకో బిడ్డలే అన్న భావన అక్కడ ప్రధానం. ఊళ్ళ మధ్య పోటీకి హద్దు వేసేది ఈ ఉమ్మడి మొక్కు.

6. పర్ధాన్: పేరును కాపాడేవాడు

నలుగురి మాట నాలుగు రోజులు నిలుస్తుంది. తరాలపాటు నిలవాలంటే దానికి గానం కావాలి. గోండులకు ఆ పని చేసేవారు పర్ధాన్లు. కింగ్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ వారు సగల పుట్టుపూర్వోత్తరాలను, దేవతల గాథలను, వీరుల కథలను గానం చేస్తారు. పెర్సపెన్ పూజలలో, పెళ్ళిళ్ళలో, చావు సందర్భాలలో వారి గానం ఉండాలి. ప్రతిగా దాతల కుటుంబాలనుంచి వారికి దానాలు అందుతాయి.

సంప్రదాయ సమాజంలో పర్ధాన్ల అంతస్తు గోండులకన్నా తక్కువగా పరిగణింపబడింది. ఇరువురి మధ్య పెళ్ళిసంబంధాలు లేవు. అయినా ఏ గోండు వంశమూ తన దేవుని కథను పర్ధాన్ లేకుండా పూర్తిగా చెప్పుకోలేదు. దాత పేరు గాయకుని గొంతులో ఉంది, గాయకుని బతుకు దాత చేతిలో ఉంది. హోదాలో కిందివాడు పరువుకు కావలిదారు కావడం అనే ఈ స్థితిని పైన చెప్పుకొన్న క్రీడలోని హార్పీల స్థితితో పోల్చవచ్చు. అయితే హార్పీ నాలుక మచ్చను వెదుకుతుంది. పర్ధాన్ గానం మూలాన్ని వెదుకుతుంది.

ఈ జ్ఞాపకశక్తి నోటికే పరిమితం కాలేదని ఇటీవలి కాలంలో లోకానికి తెలిసింది. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో పర్ధాన్ కుటుంబాల దగ్గర లభించిన రాతప్రతులు గోండీకి ఒక ప్రత్యేక లిపి ఉన్నదని చాటాయి. ఆ వెలికితీతలో ఆచార్య జయధీర్ తిరుమలరావు కృషి ముఖ్యమైనది. గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. అంతస్తులో కిందివారుగా లెక్కించబడినవారి పెట్టెలలోనే జాతి అక్షరం భద్రంగా ఉన్నదన్నది పరువు చర్చలో మరువరాని విషయం.

7. కరీంనగరు ఆశ్రిత కళలతో పోలిక

దండారిలోని ప్రత్యేకత తెలియాలంటే గోదావరికి దక్షిణాన ఉన్న ఉమ్మడి కరీంనగరు జిల్లా కళారూపాలతో పోల్చి చూడాలి. ఇక్కడ ఒక్కొక్క కులానికి ఒక్కొక్క ఆశ్రిత కళాకారుల వర్గం ఉంది. కురుమ, గొల్లలకు ఒగ్గువారు మల్లన్న కథ చెప్పి, పట్నం వేస్తారు. వేములవాడ ప్రాంతంలోని హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గుకథకు తెచ్చిన ఖ్యాతి సుప్రసిద్ధం. మాదిగలకు చిందువారు జాంబపురాణం ఆడుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు ఉన్నారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళను అడగాలన్న హక్కు వంశపారంపర్యంగా వచ్చేది. దానినే మిరాశీ అంటారు. కథకు వచ్చిన ఆశ్రితుని వట్టి చేతులతో పంపడం దాతకులానికి పరువు తక్కువ.

వేషం విషయంలో చిందు ఎల్లమ్మ ముఖ్యమైన ఉదాహరణ. చిందు కళాకారిణి ఎల్లమ్మ వేషం కట్టినప్పుడు జనం ఆమెను అమ్మవారిగానే మొక్కుతారు. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ ఆ వేషంతోనే ప్రసిద్ధురాలైంది. కాని వేషం విప్పిన తరువాత అదే కళాకారిణి కులవ్యవస్థలో అట్టడుగు మెట్టుమీద నిలబడవలసి వచ్చేది. మొక్కిన చేతులే ఆమెను దూరంగా నిలిపేవి.

గుస్సాడీకీ చిందు ఎల్లమ్మకూ వేషధారణలో పోలిక ఉంది. రెండుచోట్లా వేషానికే దైవత్వం. కాని వేషం విప్పిన తరువాతి స్థితిలో అంతరం ఉంది. గుస్సాడీ తన ఊరివారిలోకే, సమానుల మధ్యకే తిరిగి వెళతాడు. చిందు కళాకారిణి తనను తక్కువగా చూసే సమాజంలోకి తిరిగి వెళుతుంది. తాత్కాలికమైన హోదా ఒకచోట సమాజంలోని సమానత్వాన్ని చెదరనీయదు. మరొకచోట సమాజంలోని అసమానత్వాన్ని కదిలించలేదు. వేషం పవిత్రమైనంతమాత్రాన వేషధారికి న్యాయం జరిగినట్టు కాదని ఈ పోలిక స్పష్టం చేస్తుంది.

8. వేదికమీది గుస్సాడీ

మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీని దేశానికి పరిచయం చేసినవారిలో అగ్రగణ్యులు. 1980 దశకం తొలినాళ్ళలోనే ఆయన బృందం ఢిల్లీలో ప్రదర్శన ఇచ్చింది. భారత ప్రభుత్వం 2021లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఒక ఆదివాసీ సంప్రదాయానికి రాజ్యం ఇచ్చిన ఆ గుర్తింపు గోండులందరికీ గర్వకారణమైంది. జిల్లా ఎల్లలకు ఆవల గుస్సాడీ అనే మాటే తెలియని లక్షలాదిమందికి అది తెలిసింది. దీనిని తక్కువ చేసి చూడడానికి వీలులేదు.

అయితే పురస్కారం వ్యక్తి పేరుమీద వస్తుంది. వేషానికీ ఊరికీ చెందిన గౌరవం మొదటిసారిగా ఒక వ్యక్తి పేరుతో నమోదవుతుంది. కనకరాజు విషయంలో ఆయన పేరు వెంట మార్లవాయి పేరు ఎప్పుడూ నడవడం వల్ల ఈ మార్పు ఊరి గౌరవానికి తోడుగానే నిలిచింది. అన్ని సందర్భాలలోనూ అలా జరగడం లేదు. నాయకుల స్వాగత కార్యక్రమాలలో, ఊరేగింపులలో, ప్రారంభోత్సవాలలో గుస్సాడీ వేషం కనిపించడం ఇప్పుడు సాధారణమైంది. అక్కడ మూడు మార్పులు జరుగుతున్నాయి.

మొదటిది దీక్ష లోపించడం. భోగి పూజ లేకుండా, కాలనియమం లేకుండా మల్‌బూర తలకెక్కితే అది టోపీగా మిగులుతుంది. రెండవది ఆతిథ్యం లోపించడం. ఎదురేగేవారు లేరు, తిరిగి పిలిచేవారు లేరు. ప్రతిఫలం డబ్బురూపంలో అక్కడికక్కడే తీరిపోతుంది. కాబట్టి ఋణం మిగలదు, ఋణం లేనిచోట బంధుత్వమూ మిగలదు. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తలవంచే దిశ మారడం. దండారిలో ఊరిపెద్ద గుస్సాడీకి మొక్కుతాడు. స్వాగతపు వరుసలో గుస్సాడీ వచ్చిన పెద్దమనిషి కోసం ఎండలో నిలబడి ఎదురుచూస్తాడు. వేషం అదే, మొక్కు మాత్రం తిరగబడింది.

దీనికి కళాకారులను తప్పుపట్టడం సరికాదు. పేదరికంలో ఉన్న కుటుంబాలకు ఆ ప్రతిఫలం అవసరం. వేదికనే నిషేధించాలనడమూ పరిష్కారం కాదు. పిలిచేవారు పాటించవలసిన మర్యాద ఒకటుందని గుర్తించడం అవసరం. బృందాన్ని దాని ఊరి పేరుతో పరిచయం చేయడం, ఏ సందర్భంలో ఏ వేషం తగునో ఆ ఊరి పెద్దలను అడిగి నిర్ణయించడం, పర్ధాన్ వాద్యకారులకు సమాన స్థానం ఇవ్వడం, పాఠ్యపుస్తకాలలో గుస్సాడీని 'గిరిజన నృత్యం' అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా దండారి దీక్షలో భాగంగా వివరించడం ఇవి ఎవరికీ భారమైన పనులు కావు.

9. ముగింపు

పై చర్చవల్ల తేలిన అంశాలు ఇవి.

• దండారిలో హోదా వేషానిది, పరువు ఊరిది, మర్యాద రెండు ఊళ్ళ మధ్యది. వ్యక్తి ఈ మూడింటినీ కొంతకాలం మోసేవాడు.

• గోండుల సగవ్యవస్థలో పుట్టుక ప్రధానంగా బంధుత్వపు వరసను నిర్ణయిస్తుంది. స్థానం పదిమంది ఎదుట అంగీకారంతో స్థిరపడుతుంది.

• రక్తపిశాచుల క్రీడలో వేషం దాచడానికి, ఋణం పెత్తనానికి. దండారిలో వేషం వెల్లడించడానికి, ఋణం బంధుత్వానికి.

• పర్ధాన్ల స్థితి, చిందు కళాకారుల స్థితి హోదాకూ పరువుకూ మధ్య ఉన్న ఎడాన్ని చూపుతున్నాయి. పేరును నిలిపేవారికి, దైవాన్ని మోసేవారికి సమాజం తగిన స్థానం ఇవ్వలేదు.

• వేదికమీది గుస్సాడీకి పేరు పెరిగింది. కాని ఆ పేరుకు ఆధారమైన దీక్ష, ఆతిథ్యం అక్కడ లేవు. వాటిని గుర్తించే బాధ్యత పిలిచేవారిది, రాసేవారిది, పాఠం చెప్పేవారిది.

దీపావళి ముగియగానే 'కోలబోడి' ఆచారంతో దండారి ముగుస్తుంది. గుస్సాడీలు వేషం విప్పి, స్నానం చేసి, మల్‌బూరను మరుసటి ఏడాదికి భద్రపరుస్తారు. అప్పుడు అది ఏ ఒక్కరి తలమీదా ఉండదు. ఊరి సొత్తుగా ఉంటుంది. గుస్సాడీమీద జరిగే పరిశోధనలు ఆడినవాడితో పాటు ఆ టోపీని దాచిన ఊరిని, ఆ ఊరికి ఎదురేగిన ఊరిని కూడా లెక్కలోకి తీసుకొన్నప్పుడే ఆ గౌరవానికి అసలు చిరునామా దొరుకుతుంది.